పెదనాయన అడుగుల లెక్క

ఆత్మకూరు,
12 జులై 1994

పూజ్యులైన పెదనాయనకు,

సుకుమారి వందనాలు. పెద్దమ్మకు కూడా అందజేయగలరు.

ఉదయగిరి బస్సు కండక్టరు మాల్యాద్రి చేతికిచ్చి ఒక చిన్న పెట్టె పంపుతున్నాను. నెల్లూరు వక్తృత్వ పోటీలో నాకు దక్కిన ప్రథమ బహుమతి అందులో ఉంది. ఏటా స్టీలు గ్లాసులిచ్చి విసిగిన దాత ఎవరో ఈసారి సింగపూరు నుంచి దీన్ని తెచ్చారు. నడుముకు తగిలించుకుంటే వేసిన ప్రతి అడుగునూ లెక్కించి, చిన్న కిటికీలో అంకె చూపుతుంది.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు గనుక ముందే ఖండిస్తున్నాను. ముప్పై ఏళ్లు మిషన్ బడిలో నిలబడి పాఠాలు చెప్పానంటారు. నిలబడటం నడవటం కాదు. ప్రతి ఆదివారం చర్చికి పోయి పాటలు నడిపిస్తున్నానంటారు. చర్చి మీ వాకిలికి ఎదురుగానే ఉంది. పెద్దమ్మ బైబిలు ఉమన్‌గా సంచీ తగిలించుకుని, ఇంటింటికీ వాక్యం చెబుతూ పల్లెలన్నీ తిరుగుతుంటే, మీరు పడక కుర్చీలోనుంచి ఆమెకు దారి చెబుతారు. దాన్ని సేవలో పాలుపంచుకోవడమని నేను ఒప్పుకోను.

ఇక్కడి కంటి డాక్టరుగారి మాట మరోసారి గుర్తుచేస్తున్నాను. రక్తంలో చక్కెర దిగితే తప్ప ఆయన మీ కంటి పొరకు ఆపరేషన్ చేయరు. చేయకపోతే వచ్చే క్రిస్మస్‌కు పాటల పుస్తకంలో మీకు అక్షరం కనబడదు.

నన్ను బల్ల మీద నిలబెట్టి మాట్లాడటం నేర్పింది మీరు. ఎదుటివాడి మాట పూర్తిగా విన్నాకే నోరు తెరవమని నేర్పిందీ మీరే. మొదటిది వచ్చింది. రెండవది ఇంకా నేర్చుకుంటున్నాను. రెంటికీ మీకు రుణపడి ఉన్నాను.

ఇట్లు,
మీ సుకుమారి

తా.క. అంకె మీకు కనబడదు. పెద్దమ్మ చేత చదివించుకోండి. యంత్రం అబద్ధం చెప్పదు. దానితో వాదించకండి.


ఉదయగిరి,
24 జులై 1994

చిరంజీవి సుకుమారికి,

పెదనాయన ఆశీస్సులు. చెబుతున్నది నేను, రాస్తున్నది మీ పెద్దమ్మ.

నీ కానుక అందింది. కృతజ్ఞుణ్ణి. మొదటి రోజు దాన్ని నడుముకు తగిలించుకున్నప్పుడు నాకు అవమానమనిపించింది. మూడో రోజు అది లేకుండా వీధి కుళాయి దాకా పోయి, సగం దారిలో గుర్తొచ్చి, ఇంటికి వచ్చి తగిలించుకుని మళ్లీ కుళాయికి పోయాను. లెక్కకు రాని నడక నడిచి ప్రయోజనమేముంది? నిన్నటి అంకె రెండు వేల ఒక వంద.

నా దగ్గర చదువుకున్న మన సురేంద్రబాబు బజారులో స్కూటరు ఆపి ఎక్కమంటే మొగం తిప్పుకున్నాను. తనవల్ల ఏం తప్పు జరిగిందో తెలుసుకోవడానికి అతడు సాయంత్రం భార్యతో సహా ఇంటికి వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన దీర్ఘంగా సాగుతుంటే కళ్లు మూసుకుని ఉన్నచోటనే అడుగులు వేశాను. పక్కనున్న మునెయ్య నన్ను ఆత్మ కదిలిస్తున్నదనుకుని నా చేయి పట్టుకుని ఏడ్చాడు. అతని భక్తిని భంగపరచడం ఇష్టంలేక నేనూ కొంచెం ఏడ్చాను.

ఆశీస్సులతో,
హెన్రీ

తా.క. ఆయన చెప్పింది అయిపోయినాది. ఇది నా మాట. రాత్రిపూట గూడా దాన్ని తగిలించుకునే పడుకుంటాండాడు. పక్క మీద దొర్లినవి గూడా పొద్దున నా చేత చదివించి లెక్కలో కలుపుకుంటాండాడు. — హన్నమ్మ


ఆత్మకూరు,
2 ఆగస్టు 1994

పూజ్యులైన పెదనాయనకు,

వందనాలు. మీ ఉత్తరం చదివి హాస్టలంతా సంతోషించింది.

మా కాలేజీలో ఈ వారం చర్చ జరిగింది. "యంత్రం మనిషిని బానిసను చేస్తున్నది" అన్నది విషయం. నేను వ్యతిరేకించాను. పడక కుర్చీకి బానిసైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి యంత్రం ఎలా విడిపించిందో వివరించాను. ఆ ఉపాధ్యాయుడి పేరు చెప్పలేదు గాని, ఉదయగిరి అనీ, మిషన్ బడి అనీ, పాటలు నడిపిస్తారనీ చెప్పవలసి వచ్చింది.

అయితే మీ అంకె చదివినప్పుడు ప్రత్యర్థి నవ్వాడు. తమ ఊరి గేదె అంతకన్నా ఎక్కువ నడుస్తుందన్నాడు. వచ్చే నెల జిల్లా పోటీలోనూ ఇదే విషయం. పెదనాయనా, నా వాదం ఇప్పుడు మీ కాళ్ల మీద నిలబడి ఉంది.

ఇట్లు,
మీ సుకుమారి

తా.క. గేదె విషయం పెద్దమ్మకు చదివి వినిపించవద్దని రాయబోయాను. చదివేది ఆమేనని ఇప్పుడే గుర్తొచ్చింది.


ఉదయగిరి,
28 ఆగస్టు 1994

చిరంజీవి సుకుమారికి,

ఆశీస్సులు. ఆ గేదెను గురించి నీ ప్రత్యర్థి ఇకమీదట మాట్లాడడు. నిన్నటి అంకె పదకొండు వేల ఎనిమిది వందల నలభై రెండు. మీ పెద్దమ్మ రెండుసార్లు చదివింది. జిల్లా పోటీలో నిర్భయంగా చెప్పు.

ఈ మధ్య నాకు ఆకలి సరిగా వేస్తున్నది, నిద్ర సరిగా పడుతున్నది. ఉదయాన్నే లేచి మీ పెద్దమ్మ ఎటు బయలుదేరుతుందో కనుక్కుని, నేనూ నా పనుల మీద బయలుదేరుతున్నాను. ఆ పనులేవో విద్యార్థులకు చెప్పవలసినవి కావు.

ఇంత వయసులో నన్ను నడిపించినందుకు, పాపా, నీకు నా కృతజ్ఞత.

ఆశీస్సులతో,
హెన్రీ

తా.క. నేను ఏ పల్లెకు పోయినా కాసేపటికి ఈయన గూడా ఆడనే కనబడతాండాడు. మర్రిపాడు కాడ ఒక ఇంట్లో ప్రార్థన చేసి కళ్లు తెరిస్తే, ఎదురు వాకిట్లో మేకల ధర అడగతాండాడు. మనకు మేకలెందుకు? నేను అడగలే. — హన్నమ్మ


ఆత్మకూరు,
19 సెప్టెంబరు 1994

పెదనాయనకు,

వందనాలు. మన మధ్య ప్రేమ ఉంది గనుక సూటిగా రాస్తున్నాను.

జిల్లా పోటీలో నేను గెలిచాను. మీ పదకొండు వేల ఎనిమిది వందల నలభై రెండు అడుగులను సభ ముందు ఉంచినప్పుడు చప్పట్లు మోగాయి. న్యాయనిర్ణేతలలో ఒకరు ఆ అంకెను కాగితం మీద రాసుకున్నారు కూడా. మరునాడు బస్టాండులో మాల్యాద్రి కలిశాడు. అతని మాటలు యథాతథంగా ఇస్తున్నాను:

"మీ పెదనాయన వారంలో మూడు దినాలు మా బస్సేమ్మా. ముందర సీటు ఖాళీగా ఉండాది రా సారూ అంటే రాడు. ఎనక సీట్లోనే కూర్చుంటాడు. గుంత వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడతాడు. నడుం పోతాది సారూ అంటే, నీ పని నువ్వు చూసుకో అంటాడు."

ఉదయగిరి రోడ్డు నాకు తెలుసు. వెనక సీటూ తెలుసు. గుంతకొక అడుగు చొప్పున యంత్రం లెక్కిస్తే పదకొండు వేలు ఎలా వస్తాయో కూడా ఇప్పుడు తెలిసింది. నేను సభలో పొగిడింది మీ కాళ్లను కాదు, రోడ్డు గుంతలను. నా పరువు సంగతి అలా ఉంచండి. చక్కెర గుంతలకు దిగదు. ఆపరేషన్ జరగకపోతే ఆ కళ్లు నావి కావు, మీవి.

మీరు వేరే కారణం చెప్పగలిగితే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
సుకుమారి

తా.క. అదే బస్సులో పెద్దమ్మ కూడా ముందు సీటులో ఉంటుందని మాల్యాద్రి ఏదో చెప్పబోయాడు. విషయానికి సంబంధం లేదు గనుక ఆపించాను.


ఉదయగిరి,
25 సెప్టెంబరు 1994

కుమారి సుకుమారి గారికి,

తమ ఉత్తరం అందింది. నేను వెనక సీటులో కూర్చోవడం వాస్తవం. అడుగుల కోసం కాదన్నదీ వాస్తవం. కారణం చెప్పను. బల్ల మీద నిలబెట్టి నేను నేర్పిన రెండవ పాఠాన్ని తమరు ఇంకా నేర్చుకోలేదని గ్రహించాను.

ఇట్లు,
బి. హెన్రీ, విశ్రాంత ఉపాధ్యాయుడు

తా.క. ఉదయగిరి అంతా చదవాలని కార్డు మీద రాయమన్నాడు. కార్డు కొనేటప్పుడే చావు కబురనుకుని పోస్టుమాస్టరు నన్ను ఓదార్చినాడు. వచ్చే వారం రక్తపరీక్షకు ఆత్మకూరు వస్తాండాము. అన్నం తింటాండాడులే, దిగులు పడబాక. — హన్నమ్మ


ఆత్మకూరు,
6 అక్టోబరు 1994

పూజ్యురాలైన పెద్దమ్మకు,

వందనాలు. ఈసారి నీకే రాస్తున్నాను.

మీరు వచ్చిన రోజు నాకు పరీక్ష. సాయంత్రం పరుగెత్తుకుంటూ డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. చక్కెర దిగిందనీ, నవంబరులో ఆపరేషన్ చేస్తాననీ ఆయన చెప్పారు. "మీ పెదనాయన ఏం చేస్తున్నాడో నాకు తెలియదు, అడిగినా చెప్పలేదు. అదే చేస్తా ఉండమను" అన్నారు. హాస్పిటలు మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. దేవుడికి కృతజ్ఞత చెప్పాను. వాదించకుండా చెప్పడం ఇదే మొదటిసారి.

కాని పెద్దమ్మా, వెనక సీటులో కూర్చుంటే చక్కెర దిగదు. దిగింది గనుక ఆయన నడిచారు. నడిచిన మనిషికి వెనక సీటు ఎందుకు? నా వాదంలో ఎక్కడో ఒక మెట్టు ఊడిపోయింది. ఈసారి నువ్వు చెప్పేది చివరిదాకా వింటాను.

ఇట్లు,
నీ సుకుమారి

తా.క. పెదనాయనకు నా క్షమాపణ చెప్పు. ఇది కార్డు మీదే రాస్తున్నాను, ఉదయగిరి అంతా చదవాలని.


ఉదయగిరి,
11 అక్టోబరు 1994

సుకుమారికి,

పెద్దమ్మ దీవెనలు. ఇయ్యాల ఎవరూ చెప్పకుండా నాకు నేనే రాస్తాండాను.

గేదె మాట విన్నంక ఆయన రెండు దినాలు అన్నం సరిగా తినలే. మూడోనాడు ఆ యంత్రాన్ని గుట్టుగా నా సంచీ పట్టీకి, లోపలి పక్క తగిలించినాడు. పల్లెలన్నీ తిరిగేది నేను గదా, అంకె పెరగతాదని. సాయంత్రం నేను కాళ్లు కడుక్కునే లోపల తీసి, తన నడుముకు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నా కాడికే తెచ్చి చదవమనేవాడు. ముప్పై ఏండ్లుగా మోసే సంచీ. దాని మీద చీమ ఎక్కినా నాకు తెలస్తాది.

అయితే ఆయనకొక భయం పట్టుకున్నాది. నేను దాన్ని యాడన్నా పారేస్తానేమోనని, పల్లె పిలకాయలు మీట నొక్కితే అంకె సున్నా అయిపోతాదేమోనని. అందుకని సంచీకి కాపలా వచ్చినాడు. ఎనక సీట్లో కూర్చుంటే ముందర నా భుజాన సంచీ అగుపడతాదంట. మసక కళ్లు గదా, నేను దిగి నడిస్తే దూరంగా ఉండలేడు. అందుకే పల్లెపల్లెకీ, సందుసందుకీ నా ఎనకాలే వచ్చినాడు. నేను గూడా ఊరికే ఉండలే. దగ్గిర దారి ఉన్నా చుట్టు దారిలో పోయినాను. మాల్యాద్రి నీకు చెప్పబోయింది ఇదే.

ఇంకో సంగతి ఉండాది. సంచీకి తగిలించిన రెండో వారంలోనే, దేవకమ్మ వాళ్లింట్లో నీళ్లు తాగను వంగితే యంత్రం తొట్టిలో పడింది. తీసి దులిపినాను. ఆన్నించి అంకె కదలలే. ఆగిపోయిందని చెప్తే ఆయన గూడా ఆగిపోతాడు. అందుకని రోజూ సాయంత్రం నోటికొచ్చిన అంకె చదివినాను. నోటికొచ్చేవి నాకు పాటల నంబర్లే. ఆ ఆదివారం చర్చి బోర్డు మీద మొదటి పాట నూట పద్దెనిమిది, రెండోది నలభై రెండు. రెండూ పక్కపక్కన పెట్టి చదివినాను. అదే నువ్వు జిల్లా సభలో చెప్పింది. ఆ రెండు పాటలూ పాడించింది ఆయనే, ఆయనకే అనుమానం రాలే.

యంత్రం అబద్ధం చెప్పదని రాసినావు. నిజమే పాపా. అది ఏమీ చెప్పలే. చెప్పింది నేను. పాస్టరుగారి కాడ ఒప్పుకున్నాను. పాస్టరుగారు ఇకమీదట కొంచెం పెద్ద నంబరు పాటలు పెడతానన్నాడు.

ఇన్నేండ్లూ ఆ ఎండల్లో ఒక్కదాన్నే తిరిగినాను. ఎవుర్నీ ఏమీ అడగలే. ఇప్పుడు నడస్తా ఉంటే ఎనకాల ఆయన చెప్పుల చప్పుడు వినబడతాది. అది ఆగితే నేనూ నిలబడతాను, మొదలైతే నేనూ కదులుతాను. దానికి నీకు ఎట్ట కృతజ్ఞత చెప్పాలో నాకు తెలీదు.

వచ్చే శనివారం ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టినాము. నువ్వు వచ్చి మాట్లాడాల. యంత్రం గొప్పదనే చెప్పు.

ఇట్లు,
హన్నమ్మ

తా.క. ఈ ఉత్తరం వేయను ఆయనే పోతానని చెప్పులేసుకుని వాకిట్లో నిలబడుండాడు. పోస్టు డబ్బా మన గోడకే ఉండాదని నీకు తెలుసు. ఆయన బస్టాండు కాడ డబ్బాలో వేస్తాడంట. యంత్రం నా సంచీలోనే మరిచిపోయినాడు, నేను గుర్తు చేయలే.

ఇంకొక మాట. నవంబరులో కట్టు విప్పితే ఆయనకు ఆగిపోయిన అంకె కనబడతాది. ఆ లోపల నువ్వు ఇంకో పోటీ గెలవాల. స్టీలు గ్లాసులు ఇస్తే తీసుకోబాక.