జిమ్ తలుపు దగ్గర బూట్లు

అక్కా,

నువ్వు చూడాలనుకున్న గుడి పూర్తయింది. మొన్న ఆదివారం బిషప్‌గారు వచ్చి ప్రతిష్ఠ చేశారు. అక్కడ పంచిన పుస్తకంలో మన చర్చి సంఘం చరిత్ర రాశారు. ఇక్కడ ఇళ్లకన్నా మొక్కజొన్న చేలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, మొదటి పూజలు స్కూల్ జిమ్‌లో జరిగాయని అందులో ఉంది. నీ బూట్ల సంగతి మాత్రం లేదు.

నోవై ఊరి మంచులో డ్రైవ్ చేసుకుని వచ్చి, జిమ్ తలుపు దగ్గర నువ్వొక్కదానివే బూట్లు విప్పేదానివి. నాకు సిగ్గుగా ఉండేది.

"వేసుకో అక్కా, అందరూ చూస్తున్నారు. ఇది బాస్కెట్‌బాల్ కోర్టు, గుడి కాదు."

"పూజ అయ్యేదాకా గుడేనే. నా కాళ్లు కాదు, పాటల పుస్తకం చూడు."

ఒకరోజు స్కూల్ ఊడ్చి శుభ్రం చేసే జానిటర్ టామ్, ఎవరో మరిచిపోయారనుకుని వాటిని తీసుకెళ్లి గదిలో పెట్టి, తాళం వేసి ఇంటికెళ్లిపోయాడు. నువ్వు సాక్సులతోనే మంచులో కార్ దాకా నడిచావు. నేను నవ్వాను.

టామ్ ఇప్పుడు ముసలివాడయ్యాడు. ఆదివారం కొత్త గుడి తలుపు దగ్గర పుస్తకాలు పంచింది అతనే. నేను లోపలికి వెళ్లబోయి ఆగాను. వంగి బూట్లు విప్పాను. అతను కాసేపు వాటినే చూశాడు.

"ఈసారి నేను తియ్యనులెండి," అన్నాడు ఇంగ్లీషులో.

కొత్త గుడిలో రాతి నేల. పూజ అయ్యేసరికి పాదాలు మొద్దుబారాయి. ఆ మంచురోజుల్లో జిమ్ నేల ఇంకా చల్లగా ఉండి ఉంటుంది. కాళ్లు చల్లబడుతున్నాయని నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదు.

నీ చెల్లి