ఆ రాయి చెక్కించవద్దు

నంద్యాల,
జూలై 1981.

ఆళ్లగడ్డలో శిల్పాల పని చేయించే నారాయణాచారిగారికి, మీ షెడ్డులో రాళ్లు నునుపు చేసిన సంసోను భార్య వందనాలు.

మీ జాబు అందింది. మా ఆయన సమాధికి నల్లరాయి చెక్కించి పంపుతామనీ, దానిమీద ఏ వాక్యం రాయించాలో చెప్పమనీ అడిగారు. మీ మనసు మంచిదే.

ఆయన ఇంటికొచ్చి చొక్కా విదిలిస్తే మా గడప తెల్లబడేది. “లోపల గాలాడదు సామీ, ఒక కిటికీ పెట్టియ్యండి” అని దగ్గుతూనే మిమ్మల్ని అడిగాడు. “దగ్గు ఎవురికి రాదప్పా? పని చూసుకోపో” అన్నారట. మీకు గుర్తుండదు. ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనన్నాడు. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే ప్రాణం విడిచాడు. మిమ్మల్ని మాత్రం ఒక్క మాట అనలేదు.

మట్టి మీద చెక్క సిలువ నాటించాను. అది చాలు. ఆ రాయి చెక్కించవద్దు. మీకు నా కోసం ఏమైనా చేయాలనుంటే ఆ షెడ్డుకు కిటికీ పెట్టించండి.

రాయి చెక్కిస్తే, దాన్ని నునుపు చేసే పని ఆయన పక్కన కూర్చునే ఓబులేసుకే ఇస్తారు. మొన్న సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ, ఓబులేసు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు.