దిండు కింద వజ్రం

శుక్రవారం, కర్నూలు

ఆ రాయి ఇప్పుడు నా దిండు కింద ఉంది. నీటిబొట్టులా ఒకవైపు మొనదేలిన పియర్ షేప్ వజ్రం. నిశ్చితార్థం ఉంగరంలో పొదిగించే ముందు మూడు రాత్రులు తలకింద పెట్టుకుని చూడాలంటుంది అమ్మ. చెడ్డ కల వస్తే రాయీ, సంబంధమూ పడనట్టే, రాయిని కొట్లో తిరిగి ఇచ్చేయొచ్చు.

పొద్దున శెట్టిగారి నగల కొట్లో ఎంత సంబరపడ్డాను! మొన గోరువైపు ఉండాలని నేను, మణికట్టువైపు ఉండాలని నన్ను చేసుకోబోయే మహేశ్ కాసేపు వాదించుకున్నాం. "నీకోసమే బొంబాయి నుంచి తెప్పించినాను గదా, నీ ఇష్టమే కానీ" అని చివరికి వాడే ఒప్పుకున్నాడు.

శెట్టిగారు రాయిని పొట్లం కడుతూ నవ్వారు. "ఈ పాపకైనా పడుతుందిలే మహేశప్పా. పోయినేడు కడప పాపకు పడలేదని ఇదే రాయి తిరిగిస్తివి గదా."

నేనే మొదటి సంబంధమని మా అమ్మ ముందు ఒట్టేసిన మనిషి, బైక్ తాళం తిప్పుతూ గోడకేసి చూశాడు. బయటికొచ్చాక నిలదీస్తే, "దాంట్లో ఏముండాది ఇప్పుడు? రాయి శానా మంచిది" అన్నాడు. రాయి సంగతి ఎవడడిగాడు?

రేపు పొద్దున్నే కల వచ్చిందా అని అమ్మ అడుగుతుంది. చెడ్డ కల వచ్చిందంటే చాలు, పెళ్లి ఎందుకు వద్దో ఇంకెవరూ అడగరు.

ఆ కడప అమ్మాయికి నిజంగానే కల వచ్చిందా?