ముందు బూట్లు, వెనక చెప్పులు

సిల్వర్టన్, మంగళవారం

లీలండ్, నేను బాగానే ఉన్నాను, కారూ బాగానే ఉంది, కాకపోతే ఒళ్ళంతా పులిసిపోయింది. మంచుకి ఫోను తీగలు తెగాయి కాబట్టి ఈ కార్డు.

కనుమ దిగుతూ మలుపులో మెల్లగానే బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు రోడ్డును పట్టుకున్నాయి, వెనకవి పట్టు తప్పి నన్ను దాటి ముందుకొచ్చాయి. కారు గిర్రున తిరిగి మన ఇంటి వైపు ముఖం పెట్టి ఆగింది. దానికున్న బుద్ధి మనకు లేకపోయింది. మంచు తోసే బండి నడిపే డోరిన్ దిగొచ్చి, చక్రాలు చూసి, "ఇదేంటమ్మా, ముందు కాళ్ళకి బూట్లు, వెనక కాళ్ళకి చెప్పులు తొడిగావు?" అంది.

"బండిని లాగేది ముందు చక్రాలే కదా, మంచు మీద జారని చలికాలం టైర్లు రెండు చాలన్నాడు మా ఆయన" అన్నాను.

"లాగడానికి చాలు. మరి ఆగడానికో?" అంది.

చెల్లెలు వెర్నా కోలుకుంటోంది. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలి ఉంచావా? కుక్క తింటోందా? శుక్రవారం మన అమ్మాయి మారెన్ పసిదాన్ని తీసుకుని ఇదే దారిన వస్తానంది. దాని కారుకీ నువ్వు ముందు రెండే వేశావు. మిగతా రెండూ వేయించందే కదలనివ్వకు. టైర్లకు చుట్టే మంచు గొలుసులు కూడా ఇంటి ముందే ఒకసారి దాని చేత తొడిగించి చూడు, మంచులో నేర్చుకుందామంటే వేళ్ళు వంగవు.

పసిదానికి నా ముద్దులు. అది కూర్చునేది వెనక సీట్లో, లీలండ్.

ఆర్డిత్