అన్నా అంటే ఆఁ

మంగళవారం రాత్రి, బుకిట్ బటోక్

ఈరోజు అన్నం దిగలేదు. షిప్‌యార్డులో అరచేయి కాల్చుకున్న అప్పలనాయుడు మా ల్యాబ్‌కు పరీక్షకు వచ్చాడు. తెలుగువాణ్ని కదా అని నన్ను కూర్చోబెట్టారు. కాలినచోట వచ్చిన కొత్త చర్మంలోకి స్పర్శ నరాలు తిరిగి పెరిగాయో లేదో చూడాలి. కళ్లు మూయించి, సన్నటి నైలాన్ దారం అరచేతికి ఆనించాను. తగిలినప్పుడల్లా చెప్పమన్నాను. పెద్దవాడని, ఆనించే ముందు ప్రతిసారీ "అన్నా" అన్నాను. ఆయన ప్రతిసారీ "ఆఁ" అన్నాడు.

పొంగిపోయాను. చర్మం మారేటప్పుడు నరాల కొసలు వెనక్కి తగ్గి మళ్లీ అల్లుకుంటాయని చదివింది కళ్లముందే జరిగిందనుకున్నాను. పక్కగదిలోకి వెళ్లి, ల్యాబ్ చూసుకునే మేడమ్‌కు "స్పర్శ పూర్తిగా వచ్చేసింది" అని చెప్పి వచ్చాను.

ఆయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఎప్పుడు మొదలెడతావు తమ్ముడూ? అన్నా అన్నా అని పిలుస్తావు, పలికితే ఊరుకుంటావు. ఇదేటి ఆట?"

నవ్వాడు. ఈసారి పిలవకుండా, దారం వంగేదాకా ఆనించాను. ఆయనేమీ అనలేదు.

అంతలో మేడమ్ నవ్వుతూ గుమ్మంలోకి వచ్చింది. ఆయన కళ్లు తెరిచి, "అయితే మళ్లీ వెల్డింగ్ పట్టుకోవచ్చా తమ్ముడూ?" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. పట్టు తెలియని ఆ చేత్తోనే రేపు పనిలోకి దిగుతాడేమో.

సరిగా వినపడక "ఆఁ?" అని అడిగానని ఇందాకటి నుంచీ నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కాదు. వినపడింది.