జిగురు తర్వాత నేను

అక్కా,

నవ్వనని మాటిస్తేనే ఇది చదువు. లేకపోతే మడిచి పక్కన పెట్టెయ్.

మా ప్రొఫెసర్ గారి సంగతి చెప్పానుగా, కాలు చచ్చుబడ్డవాళ్లకి మళ్లీ నడక నేర్పడం మీద పనిచేస్తారని. ఎనిమిది నెలల కిందట నా దారాల బొమ్మల ఆట చూసి, మర్నాడు పొద్దున్నే నా పనిగది తలుపు తట్టారు. "మీ బొమ్మ అడుగేసే ముందు మెడ కదిపింది. ఎందుకండీ?" అని అడిగారు. మెడ కదపకపోతే నడిచినట్టుండదు, ఈడ్చినట్టుంటుంది అన్నాను. అంతే, ఆ రోజు నుంచి మనిషి నన్ను వదిలితే ఒట్టు. వారానికి మూడు రోజులు వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని దారాలు ఆడించడం నేర్చుకుంటున్నారు. నన్ను గురువుగారూ అంటారు. ఆయన వేసిన చిక్కులు విప్పడానికి ఈ గురువుగారికి ఒక పూట పడుతుంది.

కళాకారులూ ప్రొఫెసర్లూ కలిసి చేసే పరిశోధనకి నిధులిచ్చే సంస్థ ఒకటుందట. ఆసుపత్రిలో రెండేళ్లపాటు బొమ్మలతో నడక నేర్పుతామని ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. పంపేశాక ఒక నకలు నా చేతిలో పెట్టి చూడమన్నారు. ఆయనకి కలప రకాలు తెలియవు కదా అని ముందు సామగ్రి పేజీ తీశాను. అక్కడున్నాను అక్కా, నేను! కలప, దారం, జిగురు, బొమ్మలు చేసే మనిషి. జిగురు తర్వాత! పేజీకి అట్టడుగున! ఇంక మిగతావి తిప్పబుద్ధి కాలేదు. కట్ట మూసేసి, బాగుందండీ అన్నాను.

నీకెప్పుడూ చెప్పలేదు. నాన్న చేతులు వణకడం మొదలయ్యాక ఎనిమిదో తరగతిలో బడి మానేసి, "నువ్వు చదువుకో, బొమ్మలు నేను చూసుకుంటా" అని నీ దగ్గర గొప్పలు పోయాను చూడు, ఆ తర్వాత నీ కొత్త పుస్తకాలకి అట్టలు వేసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఇన్నేళ్లకి ఒక చదువుకున్నాయన నాకూ ఏదో తెలుసన్నాడని మురిసిపోయాను. బుద్ధొచ్చింది.

సోమవారం ఇంటర్వ్యూ. తప్పుకుంటున్నానని ఒక కాగితం రాసి సంచీలో పెట్టుకున్నాను. అందరి ముందే చదివి వచ్చేస్తాను. నువ్వు నచ్చజెప్పడానికి ఫోను చెయ్యకు.

నీ మొండి చెల్లెలు

*

మా బంగారు అక్కా,

ఇప్పుడు నవ్వుకో, ఎంత కావాలంటే అంత.

పొడుగాటి బల్ల, అవతల ఐదుగురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని, "ప్రొఫెసర్ గారూ, పరిశోధకుల పేజీ ఖాళీగా ఉందేమిటి?" అంది. నేను సంచీలో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"డిగ్రీ లేనివాళ్ల పేరు అక్కడ రాయకూడదని మీ ఆఫీసువాళ్లు మూడుసార్లు చెప్పారండీ. మా గురువుగారికి చోటులేని పేజీలో నేనెలా కూర్చుంటాను? అందుకని ఇద్దరం సామగ్రిలోకి వెళ్లిపోయాం."

ఆవిడ ఆ పేజీ తీసి పైకే చదివింది. "కలప, దారం, జిగురు, బొమ్మలు చేసే మనిషి..." పేజీ తిప్పింది. "ప్రొఫెసరు, ఒకటి. పాతది."

ఐదుగురూ ఒకటే నవ్వు. నేనేమో సిగ్గుతో చచ్చాను. ఒక్క పేజీ తిప్పి ఉంటే వారం రోజులు నిద్ర పాడుచేసుకునేదాన్నా?

"నాతో చెప్పొచ్చుగా!" అన్నాను గొంతు తగ్గించి.

"చూడమని ఇచ్చాగా! బాగుందన్నారుగా!" అన్నారాయన.

సరే, ఆడించి చూపించమంది ఆవిడ. ప్రొఫెసర్ గారు దారాలు పట్టుకున్నారు. బొమ్మ ముందు పాదం ఎత్తింది, బల్ల మీద బోర్లా పడింది. "మెడ, మాస్టారూ, మెడ!" అని అరిచి, ఆయన చేతి మీద చెయ్యి వేశాను. బొమ్మ మెడెత్తింది, భుజం కదిపింది, లేచి తిన్నగా ఆవిడ మంచినీళ్ల గ్లాసుదాకా నడిచింది. ఆవిడ బాగా చూద్దామని కుర్చీలోంచి లేవబోయింది. "అదిగో, మీరూ ముందు మెడే కదిపారు!" అన్నాను, ఎవరితో మాట్లాడుతున్నానో మర్చిపోయి. ఆవిడ సగం లేచిన మనిషి అలాగే ఆగిపోయి, మెడ తడుముకుని, మళ్లీ కూర్చుని మళ్లీ లేచి చూసుకుంది. తక్కిన నలుగురూ అదే పని. పాపం, ఆ గదిలో కాసేపు ఇంటర్వ్యూ ఎవరికో అర్థం కాలేదు.

ఇవాళ జవాబొచ్చింది. రెండేళ్లకీ ఇచ్చారు! ఆ డిగ్రీ నియమం తీసేశారట, పరిశోధకుల పేజీ మళ్లీ నింపి పంపమన్నారు. తప్పుకుంటానన్న కాగితాన్ని జిగురులో నానబెట్టి కొత్త బొమ్మకి ముక్కు చేశాను. అచ్చం ప్రొఫెసర్ గారి ముక్కే. ఆయన చూసి, కాస్త పెద్దదైందేమో అన్నారు. కాలేదు.

పేజీలో మొదటి పేరు నాది. చదువు అన్న గడి దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. ఆ పెద్దావిడకే ఫోను చేసి అడిగాను. "ఎవరి దగ్గర నేర్చుకున్నారో అది రాయండమ్మా" అంది.

నాన్న పేరు రాశానక్కా, ఇంటిపేరుతో సహా. గడి చాలలేదు.

నీ చెల్లెలు,
పరిశోధకురాలు