తిరిగిరాని కనెక్షన్లు

9 జూలై, బుధవారం. బట్టలు రెండు బకెట్లు ఉతికాను, ఇడ్లీపిండి రుబ్బాను, బియ్యం ఏరాను. జాకెట్టు కుట్టడం మిగిలింది.

మా అమ్మాయి లావణ్య మదనపల్లె మండీకి చేసిన టమాటా ధరల వెబ్‌సైట్ ఈ పొద్దున కూడా ఆగిపోయింది. ఇంకోసారి ఆగితే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని మండీవాళ్లు ఫోన్‌లోనే చెప్పేశారు. పిల్ల ఇడ్లీ ముట్టలేదు.

"ధరలన్నీ దాచిపెట్టే డేటాబేస్‌కు ఇరవై కనెక్షన్లే ఉండాయి మా. ధర చూసే ప్రతివాళ్లకూ ఒకటి ఇచ్చి, పనయినాక వెనక్కి తీసుకోవాల. యాడనో ఇరుక్కుంటాండాయి. ఇరవయ్యీ ఇరుక్కుంటే సైట్ ఆగిపోతాది."

"పని మధ్యలో చెడిపోతే?"

"చెడిపోతే ఏంది మా?"

"పుంగనూరులో మీ అత్తను సూడు. పెండ్లికని మన పెద్ద ఇత్తడి గిన్నె తీసకపాయె. పెండ్లి జరిగుంటే తెల్లారితోనే తెచ్చిచ్చేది. సంబంధం తప్పిపాయె, గిన్నె ఆడనే ఉండిపాయె."

పిల్ల గబగబా కోడ్ వెతికింది. తప్పు వచ్చిన చోట ప్రోగ్రాం సగంలోనే బయటికి దూకేస్తోందట, కనెక్షన్ తిరిగిచ్చే లైను దాకా రావడమే లేదట. పని జరిగినా చెడినా ఇచ్చితీరాలని మార్చింది.

"మా ఆఫీసులో చేరిపో మా!"

"ముందు ఇడ్లీ తినవే."

చల్లారిన ఇడ్లీలు ఆరు తినింది. పెండ్లి తప్పిన ఇంటికి ఫోన్ చేసి గిన్నె ఎలా అడగాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియడం లేదు...

మండీ మూసేదాకా వెబ్‌సైట్ ఒక్కసారీ ఆగలేదు. సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చూశాను. డేటాబేస్‌కు లావణ్య బాకీ: ఇరవై కనెక్షన్లు. ఇరవయ్యీ తిరిగి ముట్టాయి.